ఓడీల్ మాస్టారి మొదటి పేజీ

రూసెలారె ఊళ్లో పెద్దవాళ్ల బడికి శుక్రవారం పొద్దున వచ్చే పదకొండు మందికీ ఓడీల్ మాస్టారంటే హడల్. వాళ్లేమీ పసిపిల్లలు కారు. చుట్టుపక్కల మాంసం ఫ్యాక్టరీల్లోనూ, కూరగాయలు తరిగి గడ్డకట్టించే ఫ్యాక్టరీల్లోనూ ఏళ్ల తరబడి నిలబడి మేస్త్రీలైన మనుషులు. మేస్త్రీ షిఫ్టు ఇన్‌ఛార్జి కావాలంటే, యాజమాన్యానికి రిపోర్టు రాయడం వచ్చునని బడి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ రాయడం నేర్పేవాడు ఓడీల్.

మొదటిరోజే అందరి చేతా ఒక రిపోర్టు రాయించేవాడు. ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారు, డైరెక్టరుగారు ఎంత మంచివారు అని మొదలుపెట్టి, అసలు సంగతి ఎక్కడో చివర్లో దాచి తెచ్చేవాళ్లు. ఆయన ఒక్కో కాగితాల కట్టనూ నిలువునా చింపి రాసినవాళ్ల ఒళ్లోకి విసిరేవాడు.

"నీ కొంప తగలబడుతోంది బెర్నార్. ఫైరింజనుకి ఫోన్ చేశావు. ఇల్లు ఏ సంవత్సరం కట్టారో, తలుపులకి ఏ రంగేశారో చెప్తూ కూర్చుంటావా? లోపల మీ ఆవిడ మాడిపోతోందిరా!"

"లోపలున్నది మా ఆవిడైతే అలాగే చెప్తాను మాస్టారూ, తీరిగ్గా," అన్నాడు బెర్నార్. సాసేజీల ఫ్యాక్టరీలో పనిచేసే భారీ మనిషి.

క్లాసు గొల్లుమంది. ఓడీల్ విసిరిన, కాగితాలకు చిల్లులు పెట్టే ఇనప మిషను బెర్నార్ చెవి పక్కగా వెళ్లి గోడకు తగిలింది. సున్నం రాలింది. నవ్వు ఆగిపోయింది.

"ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇప్పుడేం చెయ్యాలి. ఈ మూడూ మొదటి పేజీలో ఉండాలి. మీ లెక్కలు, పటాలు వెనకాల తగలెయ్యండి. సంతకం పెట్టేవాడు రెండో పేజీ తిప్పడు. తిప్పుతాడనుకున్నవాడు మనిషిని చంపుతాడు."

ఆయన చంపాడు. కనీసం ఆయన లెక్క అది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఆయన ఒక పందుల కబేళాలో మేస్త్రీ. కోసిన పందుల్ని కొక్కేలకు తగిలించి మరిగే నీళ్ల తొట్టి మీదికి లాక్కుపోయే గొలుసు ఒకటి ఉండేది. దాన్ని ఆపే మీట పనిచెయ్యడం లేదని ఓడీల్ ఇరవై రెండు పేజీల రిపోర్టు రాశాడు. మీట సంగతి పంతొమ్మిదో పేజీలో పెట్టాడు. మొదటి పేజీలో మర్యాదకోసం "అన్ని లైన్లూ సక్రమంగా నడుస్తున్నాయి" అని రాశాడు. డైరెక్టరు సంతకం పెట్టి పక్కన పడేశాడు. రెండు నెలలకు కొక్కెం ఓడీల్ బావమరిది ఫిర్మాన్ చొక్కా చేతిని పట్టుకుంది. ఫిర్మాన్ అరుస్తూనే ఉన్నాడు. ఓడీల్ మీట మీద బరువంతా వేసి వేలాడాడు. గొలుసు ఆగలేదు. తొట్టిలోంచి తీసినప్పుడు బావమరిది చర్మం చేతి తొడుగుల్లా ఊడి ఓడీల్ చేతికి వచ్చింది.

విచారణలో డైరెక్టరు మొదటి పేజీ పైకి చదివి వినిపించాడు. ఓడీల్ మాటలే, ఓడీల్ చేతిరాతే. కోర్టు మెట్ల మీద ఓడీల్ అతన్ని కింద పడేసి, జనం లాగేదాకా మొహం మీద గుద్దుతూనే ఉన్నాడు. డైరెక్టరుకి ఆరు పళ్లు పోయాయి. ఓడీల్‌కి ఎనిమిది నెలలు జైలు. భార్య ఒక్కసారి చూడ్డానికి వచ్చి, "పంతొమ్మిదో పేజీలోనా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. జైల్లో తోటి ఖైదీలకు అర్జీలు రాసిపెడుతూ ఆయన ఈ విద్యలో ఆరితేరాడు.

ఈ ఏడు ఆయన క్లాసులో అందరికన్నా బాగా రాసేది లీస్‌బెత్. ఇరవై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు, మొగుడు లేడు. కూరగాయల ఫ్యాక్టరీలో పాలకూర తరిగే మిషను దగ్గర మేస్త్రీ. ఆ మిషను మూత తెరిస్తే కత్తి ఆగిపోవాలి. ఆగితే లైను ఆలస్యమవుతుందని మూత స్విచ్చిని ఇనప తీగతో కట్టేశారు. ఫిబ్రవరిలో ఒకామె వేలు పోయింది. ఏప్రిల్లో ఇంకొకామెవి రెండు. ఇప్పుడు అక్కడ మరియం అనే మొరాకో పిల్ల నిలబడుతోంది. ఇదంతా లీస్‌బెత్ పదకొండు వాక్యాల్లో మొదటి పేజీలో పెట్టింది. మాస్టారు ఆ పేజీని చింపలేదు. రెండుసార్లు చదివి తిరిగిచ్చాడు.

కానీ ఆ బడిలో చివరి రిపోర్టు సొంత ఫ్యాక్టరీ మీదే రాయాలి, దానికింద ఆ ఫ్యాక్టరీ మేనేజరు సంతకం ఉండాలి. సంతకం లేకపోతే సర్టిఫికెట్ లేదు. లీస్‌బెత్ మేనేజరు వలేర్ సంతకం పెట్టనన్నాడు.

ఆఖరి శుక్రవారం లీస్‌బెత్ బల్లమీద వేరే కట్ట పెట్టింది. ఓడీల్ తిప్పాడు. మొదటి పేజీలో ఫ్యాక్టరీ చరిత్ర. తీగ సంగతి పద్నాలుగో పేజీలో, అనుబంధంలో.

"ఇదేంటి?"

"సంతకం పెడతానన్నాడు మాస్టారూ, అలా మారిస్తే. బయట కార్లో కూర్చున్నాడు. తీసేయలేదు కదా, ఉంది కదా లోపల."

"మార్చు."

"ఇద్దరు పిల్లలున్నారు నాకు."

"మరియంకి పది వేళ్లున్నాయి. మార్చు!"

"మీకేం, ఒంటరి మనిషి! ఇక్కడ అరిచేసి ఇంటికెళ్లి బీరు తాగి పడుకుంటారు. సోమవారం వాడి ముందు నిలబడేది నేను!"

ఓడీల్ ఆమె మణికట్టు పట్టుకుని కలం మీదికి వంచాడు. ఎంత గట్టిగా వంచుతున్నాడో ఆయనకు తెలియలేదు. ఆమె కీచుమని అరిచింది. బెర్నార్ లేచి వచ్చి మాస్టారి దవడ మీద ఒక్కటిచ్చాడు. ఓడీల్ నల్లబోర్డుకు తగిలి కింద కూలాడు.

"ఆడదాని చెయ్యి విరుస్తావా? నువ్వా మాకు నీతులు చెప్పేది?"

ఓడీల్ నోట్లోంచి నెత్తురు తుడుచుకున్నాడు. లీస్‌బెత్ మణికట్టు మీద తన నాలుగు వేళ్లూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. ఆయన వాటినే చూశాడు. "తప్పు చేశాను," అన్నాడు. లేచి తలుపు తీసుకుని కిందికి దిగాడు.

వలేర్ కారు అద్దం దించి సిగరెట్టు కాలుస్తున్నాడు. ఒకప్పుడు సైకిలు పందేల్లో తిరిగిన మనిషి, తొడలు స్తంభాల్లా ఉంటాయి.

"ఏం ముసలోడా, పాఠం అయిపోయిందా? మా పిల్లకి బాగా నేర్పావులే, ఎక్కడ ఏం పెట్టాలో."

ఓడీల్ అద్దంలోంచి చెయ్యి పెట్టి వాడి జుట్టు పట్టుకుని తలను తలుపు చట్రానికి కొట్టాడు. ఒకసారి కాదు. నాలుగోసారికి కనుబొమ పగిలింది. వలేర్ తలుపు తన్ని తెరిచి, ఓడీల్ కుడిచెయ్యి సందులో ఉండగా దాన్ని లాగి మూశాడు. ఎముకలు విరిగిన చప్పుడు పై అంతస్తులో ఉన్నవాళ్లకు కూడా వినపడింది. అయినా ఓడీల్ వదల్లేదు. పోలీసులు వచ్చేసరికి ఇద్దరూ కంకర మీద దొర్లుతున్నారు. బెర్నార్, ఇంకో ముగ్గురూ లాగినా విడిపోలేదు.

స్టేషన్లో ఇద్దర్నీ దూరంగా చెరో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఒక కుర్ర ఇన్‌స్పెక్టరు లీస్‌బెత్‌ని పిలిచి, "గొడవ దేనికమ్మా?" అని అడిగాడు.

వలేర్ కంటికి గుడ్డ అదుముకునే అన్నాడు: "చెప్పు లీస్‌బెత్. పిచ్చోడని చెప్పు. చెప్పి ఇంటికెళ్లు. సంతకం సాయంత్రం పెడతాను."

ఆమె మణికట్టు రుద్దుకుంది. తర్వాత సంచీలోంచి పాత కట్ట తీసి, పదకొండు వాక్యాలున్న పేజీ పైన ఉండేలా ఇన్‌స్పెక్టరు ముందు పెట్టింది.

"దీనికి," అంది.

"వద్దు పిల్లా," అన్నాడు ఓడీల్ బెంచీ మీంచి. "నా కోసం వద్దు."

"మీ కోసమని ఎవరన్నారు? మీరు నా చెయ్యి విరిచారు. మీ మొహం మళ్లీ చూడను."

ఇన్‌స్పెక్టరు ఆ పేజీ చదివి ఫోను అందుకున్నాడు. సోమవారం తనిఖీ వాళ్లు వచ్చి పాలకూర మిషనుకు సీలు వేశారు. వలేర్‌ని కంపెనీ వేరే ఊరి ఫ్యాక్టరీకి, అదే హోదాలో మార్చింది. లీస్‌బెత్‌కి సర్టిఫికెట్ రాలేదు, మేస్త్రీ పని కూడా పోయింది. బంగాళదుంపలు కడిగే చోట మామూలు కూలిగా చేరింది. ఓడీల్‌కి ఏడాది శిక్ష పడింది. కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. జైల్లో అర్జీ రాసిపెట్టమని వచ్చేవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ల చేతే రాయిస్తున్నాడు. ఎవరి మీదా అరవడం లేదు.