బందరు గుమాస్తాల మౌనం

ఉప్పెన వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది నన్ను హైదరాబాదు నుంచి బందరు పంపారు. అక్కడి ఎరువుల సొసైటీ ఒకటి తన గోడౌన్ల నిల్వల లెక్కలు మా కంప్యూటర్ సెంటర్‌కు అప్పగించింది. ప్రోగ్రామ్ రాయడం నాకు వచ్చు. కానీ ఆ లెక్కలు ఎలా వేస్తున్నారో ముందు గుమాస్తాలను అడిగి తెలుసుకోవాలి. "మీది గుడివాడేగా, వాళ్లతో మాట్లాడటం మీకు సులువు," అన్నారు మా పైఅధికారి.

సులువు కాలేదు. గుమాస్తాలు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. ఏం అడిగినా "మామూలేనండీ" అని ఊరుకునేవారు. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర టైపిస్టు అమ్మాయి క్యారేజీ మూత తీయకుండానే అడిగేసింది. ఆమెది దివిసీమ. ఉప్పెనలో ఇల్లు పోయాక తల్లిని తీసుకుని బందరు వచ్చి, ఈ ఆఫీసులో టెంపరరీగా చేరింది.

"అక్కా, ఆ మిషనొస్తే మమ్మల్ని తీసేస్తారంటగా?"

అందరూ తినడం ఆపారు. తీసేయరని ఒక్కమాట అంటే చాలు, ఆ క్షణమే అందరూ నోరు విప్పేవారు.

"నాకు తెలియదమ్మా. కనుక్కుని చెప్తాను," అన్నాను.

సాయంత్రం సొసైటీ మేనేజరు గారి గదికి వెళ్లాను. ఆయన చిరాకుపడ్డారు.

"మిషన్ సంగతి మీరు చూసుకోండమ్మా. మనుషుల సంగతి మాకొదిలెయ్యండి."

"వాళ్లు చెప్పందే నేను ఏం రాయాలండీ? ఉన్నమాట మీరే వచ్చి చెప్పండి."

ఆయన ఒప్పుకునేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

మర్నాడు ఆయన వచ్చి చెప్పారు. పర్మినెంటు వాళ్లను తీయరు. టెంపరరీ వాళ్లను మాత్రం గడువయ్యాక కొనసాగించరు.

ఆయన వెళ్లాక పెద్ద గుమాస్తా కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. బందరు సాయిబు, నెమ్మదస్తుడు. తడిసిన బస్తాలు లెక్కలో ఎలా రాస్తారో, గుడివాడ గోడౌన్ అడిగితే ఇక్కణ్ణుంచి ఎలా సర్దుతారో ఓపిగ్గా చెప్పాడు. మిగతావాళ్లూ కలిశారు. ఆ అమ్మాయి మాత్రం తల ఎత్తకుండా టైపు చేస్తూనే ఉంది. సాయంత్రం మెట్ల దగ్గర నన్ను చూసి ఆగింది.

"ముందే తెలిసింది, మంచిదేలే అక్కా. ఇంకోచోట అడుగుతాను."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకుని వెళ్లిపోయింది.

ప్రోగ్రామ్ బాగానే నడిచింది. వాళ్లచేత భలే చెప్పించారని మా ఆఫీసులో మెచ్చుకున్నారు. నాకు సంతోషం కలగలేదు. మళ్లీ బందరు వెళ్లినప్పుడు ఆమె గురించి అడిగితే, చిలకలపూడిలో తెలిసినవాళ్ల గిల్టునగల కొట్టులో పని చూపించానని పెద్ద గుమాస్తా చెప్పాడు. అక్కడ టైపు పనేమీ లేదట. గాజుల జతలు చూసి పొట్లాలు కడుతోందట.