ఎర్రమట్టి కుండీ

తాడేపల్లిగూడెంలో బస్సెక్కి కూర్చున్నాక చూశాను, పక్క సీటాయన ఒళ్ళో ఒక కుండీ. అందులో కమ్‌క్వాట్ చెట్టు, ఉసిరికాయంత బుల్లి నారింజలతో విరగకాసి ఉంది. నరసాపురంలో మా మేడ మీద అదే చెట్టు మూడేళ్ళుగా ఆకులు తప్ప ఏమీ ఇవ్వలేదు. బస్సు ఏ గోతిలోనో పడి నాలుగు కాయలైనా రాలితే బాగుండునని నిజంగానే కోరుకున్నాను.

ఒక్కటీ రాలలేదు. ఉండబట్టలేక, "ఈ చెట్టు మీరే పెంచారాండీ?" అని అడిగాను.

"అవునండి. మాది జంగారెడ్డిగూడెం. మా చెల్లెలికి తీసుకెళ్తున్నాను."

కాలవ నీళ్ళు ఎరగని మెట్ట ఊరు! నాకు ఒళ్ళు మండింది. "మా కుండీలో గోదావరి ఒండ్రుమట్టి వేశానండి. రెండు పూటలా నీళ్ళు పోస్తాను. అయినా పూతే లేదు," అన్నాను.

ఆయన నవ్వారు. "అదేనండి మీ డెల్టావాళ్ళతో వచ్చిన చిక్కు. కుండీని కూడా వరిచేను చేసేస్తారు. ఎర్రమట్టిలోకి మార్చండి. పైమట్టి ఆరాకే నీళ్ళు పోయండి."

ఒక పండు తుంచి నా చేతిలో పెట్టారు. తొక్క తీయబోతే, "తొక్కతోనే తినాలండి, తీపంతా అందులోనే ఉంది," అన్నారు. తిన్నాను. తియ్యగానే ఉంది. అదీ నాకు నచ్చలేదు.

ఈ చలికాలం మా చెట్టు కాసింది. ఏం వేశారండీ అని పక్కింటావిడ అడిగితే, అంతా గోదావరి ఒండ్రు మహిమ అన్నాను. కుండీలో ఉన్నది ఎర్రమట్టే. అది కనబడకుండా పైన రెండు గుప్పెళ్ళ ఒండ్రు పరిచాను.