చెల్లె ఎడమ చెయ్యి

మొన్న మనవడిని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పుట్టిన వారంలోనే వాడికి ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు బాగానే ఉన్నాడు. నవ్వుతాడు, బోర్లా పడతాడు, ఒళ్లోకి తీసుకుంటే ముందు నా కళ్లజోడు లాగుతాడు. అయినా కొన్నేళ్లపాటు చూపిస్తూనే ఉండాలట. డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నదే అయి ఉంటుంది. ఒక గిలక్కాయ తీసి వాడికి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు ఆడించింది. వాడు ఏ వైపుకు ఆ చెయ్యే చాపాడు. "రెండు చేతులూ సమానంగా వాడుతున్నాడు, మంచిదే. ఇంత చిన్న పిల్లలు ఒక్క చెయ్యే వాడుతుంటే అది అలవాటు కాదమ్మా, రెండో చేతిలో బలం లేదేమోనని చూడాలి" అంది. మా అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఏడుపొచ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాననుకుని నర్సు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

అరవైల చివర మేం పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఒక పాత ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. మా నాన్న, బాపు అనేవాళ్లం, బస్సు డిపోలో మెకానిక్. సాయంత్రం ముందు గ్రీజు వాసన వచ్చేది, దాని వెనక ఆయన వచ్చేవాడు. అదే వాకిట్లో అవతలి వైపు, మేం పిన్నమ్మలా ఖాలా అని పిలిచే ఆమె వాళ్లుండేవారు. ఆమె భర్త ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి దుకాణంలో పనిచేసేవాడు. ఆయన ఇంటికొచ్చి చొక్కా దులిపితే మా రెండిళ్లూ కలిసి తుమ్మేవి. చెల్లె ఆ ఇంట్లోనే పుట్టింది. మూడో నాడు అది కాలూ చెయ్యీ కొట్టుకుని కళ్లు తేలేసింది. నానమ్మ పరుగున తాళంచెవుల గుత్తి తెచ్చి గుప్పిట్లో పెట్టింది. ఖాలా తాయెత్తు తెచ్చింది. బాపు డిపో బట్టలతోనే రిక్షా ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. కొన్నాళ్లకు తల్లీబిడ్డా ఇంటికొచ్చారు. ఫిట్స్ ఆగిపోయాయి కదా, గండం గడిచిందనుకున్నారు. మళ్లీ తీసుకురమ్మని ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఆ సంతోషంలో మావాళ్ల చెవికెక్కలేదో, అడుగుదామంటే ఇప్పుడు ఎవరూ లేరు.

చెల్లె కూర్చోవడం ఆలస్యం, నడవడం ఇంకా ఆలస్యం. నడక వచ్చాక కూడా కుడి కాలు ఈడ్చేది. మాటలు ఒకటీ అరా. "నిదానం పిల్ల" అనుకుని ఊరుకున్నారు. ఇంట్లో అందరినీ బాధించింది ఇవేవీ కావు, దాని ఎడమ చెయ్యి. పాకే రోజుల నుంచీ ఏది ఇచ్చినా ఆ చేత్తోనే అందుకునేది, అన్నం కూడా ఆ చేత్తోనే. రేపు పెళ్లిలో బంతిలో కూర్చుని ఎడమ చేత్తో తింటే పక్కవాళ్లు లేచిపోరూ! "గీ పొల్లకు గిదేం పాడు అలవాటే? నువ్వే గారాబం జేసి ఖరాబు జేస్తున్నవ్" అని నానమ్మ అమ్మను సాధించేది. చివరికి అమ్మ బాపుదొక పాత రుమాలు తీసి, అన్నం ముందు దాంతో చెల్లె ఎడమ చేతిని మంచం కోడుకు కట్టడం మొదలుపెట్టింది. కుడి చేతి పిడికిలి విచ్చుకునేది కాదు. మెతుకులన్నీ ఒళ్లో పడేవి. ఖాలా గడప దగ్గరే నిలబడి, "నక్కో బాంధో అమ్మా, బచ్చీ హై. కట్టకు, చిన్నపిల్ల. ఆకలి మీదుంది పాపం" అనేది. మా అమ్మ రాతి మనిషి కాదు. కట్టినంతసేపూ కళ్లొత్తుకునేది, ఆఖరికి తనే ముద్దలు పెట్టేది. కొన్నాళ్లకు పళ్లెం కనబడగానే చెల్లె తనంతట తనే వచ్చి ఎడమ చెయ్యి చాపడం నేర్చింది. "చెప్పకముందే ఇస్తది నా బంగారం" అని అమ్మ మురిసిపోయింది.

అమ్మకు ఒకటే ఆశ, చెల్లె నాతోపాటు బడికి రావాలి. బడికొస్తే నలుగురు పిల్లల్ని చూసి మాటలొస్తాయి, కాలు సరిగా పడుతుంది, అన్నీ అవే సర్దుకుంటాయి. పుట్టిన తేదీ కాగితాలు చాలా ఇళ్లలో ఉండని ఆ కాలంలో బడిలో చేర్చుకునేందుకు ఒకటే పరీక్ష ఉండేది. కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోవాలి. అందితే బడి వయసు వచ్చినట్టే. చెల్లెకు కొత్త గౌను తొడిగి, రిబ్బన్లు కట్టి, పౌడరు బాగా ఎక్కువగానే రాసి తీసుకెళ్లాం. పెద్దసారు ముద్దుగా "ఏదీ బిడ్డా, చెవు పట్టుకో" అన్నారు. చెల్లె ఎడమ చెయ్యి తల మీదుగా తెచ్చి కుడి చెవి ఠక్కున పట్టుకుని నవ్వింది. "గట్ల గాదు, ఈ చెయ్యి" అని సారు దాని కుడి భుజం తట్టారు.

చెల్లె నవ్వు ఆగిపోయింది. అమ్మ వైపు చూసింది. కాసేపు ఆలోచించి, ఎడమ చెయ్యి అమ్మ ముందుకు చాపింది, కట్టమని.

సారుకు అర్థం కాలేదు. నాకైంది, అమ్మకైంది. సారు చెల్లె కుడి చెయ్యి పట్టుకుని మెల్లగా ఎత్తి చూసి, వదిలేసి, "పుట్టినప్పుడు ఏమన్న అయిందా అమ్మా?" అని అడిగారు. "ఫిట్స్ వచ్చినయ్ సారూ. తగ్గినయ్" అంది అమ్మ. "వచ్చే ఏడు చూద్దాం తీ" అన్నారాయన. దారి పొడవునా అమ్మ ఆ కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటే విప్పుతూ నడిచింది. ఆ సాయంత్రం బాపు చెయ్యి కడుక్కుంటుంటే, "పని జేసే చెయ్యినే కట్టేసిన. బిడ్డకున్నది గా ఒక్కటే" అంది. నానమ్మ ఆ తర్వాత ఎడమ చెయ్యి ఊసెత్తలేదు. పైగా ఎవరన్నా ఎత్తితే వాళ్లతో పెద్ద లొల్లి పెట్టుకునేది.

వచ్చే ఏడు రానేలేదు. ఆలోగా ఫిట్స్ మళ్లీ మొదలయ్యాయి. చెల్లె బడి ముఖం చూడలేదు. చేయి చాపే అలవాటు మాత్రం పోలేదు. అమ్మ ఆ చేతిని ముద్దుపెట్టుకుని, అందులోనే మొదటి ముద్ద పెట్టేది, తను పోయేదాకా.

ఇప్పుడు చెల్లె నా దగ్గరే ఉంటుంది. తల సగం నెరిసింది. డాక్టరు దగ్గర నుంచి రాగానే "చిన్నోడు మంచిగున్నడా?" అని కూడబలుక్కుని అడిగింది. మంచిగున్నాడన్నాను. చప్పట్లు కొట్టబోయింది, రెండో చెయ్యి అందలేదు, తొడ మీద కొట్టుకుంది. పళ్లెం పెట్టాను. ఎడమ చెయ్యి చాపింది. అమ్మ పోయింది, ఖాలా పోయింది, ఆ రుమాలు ఎప్పుడో మసిగుడ్డయి చిరిగిపోయింది. చెల్లె చెయ్యి దగ్గర మాత్రం ఇన్నేళ్ల కాలం ఒక్క పూట కూడా గడవలేదు.