ఆఖరి మూడు కిలోమీటర్లు

ఇరవై ఒక్క కిలోమీటర్లు రెండున్నర గంటల్లోపు పరిగెత్తాలని ఆరు నెలలుగా నా పంతం. ఈ రోజు పొద్దున్నే బారువలో బయల్దేరితే, మా ఆయన నీళ్ల సీసాలతో స్కూటీ మీద వెనకాలే వచ్చారు. ఇంకా మూడు కిలోమీటర్లుందనగా పెట్రోలు అయిపోయింది. నేను ఆగబోయాను.

"ఆగకు, ఎల్లిపో! బండి నాను తోసుకొత్తాను" అని అరిచారు.

రెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాల్లో పూర్తి చేశాను! చెప్పుకుందామంటే పక్కన ఒక్కరూ లేరు. ఉండబట్టలేక వెనక్కి నడిచాను. జీడితోటల దగ్గర చెమటలు కక్కుతూ స్కూటీ తోస్తున్నారు. టైము చెప్పగానే స్టాండు వేసి, నడిరోడ్డు మీద చప్పట్లు కొట్టారు.

"సరే గానీ, ఇంక ఎనకాల నువ్వు తొయ్యి" అన్నారు.

కాళ్లు పీకేస్తున్నా నవ్వుతూనే తోశాను. మీ ఇంట్లోనూ ఇలాంటి కోచ్ ఉన్నారా?