సరే డాక్టరమ్మ

ఆస్పత్రిలో అందరూ ఆవిణ్ణి చాటుగా సరే డాక్టరమ్మ అంటారు. మందు రాయగానే కంప్యూటర్‌లో ఒక ఎర్ర పెట్టె ఊడిపడుతుంది. ఇది ఈ రోగికి పడదేమో చూసుకోమంటుంది. జ్వరం బిళ్లకూ అంటుంది, కంటి చుక్కలకూ అంటుంది. ముందుకు వెళ్లాలంటే కింద ఉన్న కారణాల్లో ఒకటి నొక్కాలి. మొదటిది "ఇదివరకు వాడారు, పడింది." చదవకుండానే ఆవిడ వేలు దాని మీద వాలుతుంది, నోరు "సరే, సరే" అంటుంది. ఇంట్లోనూ అదే వరస. "అమ్మా, ఇల్లు తగలబడుతోంది" అని కూతురు ఆటపట్టిస్తే, "సరే, తలుపేసి వెళ్లు" అందట. ఆవిణ్ణి తప్పుపట్టే ముందు గది బయట బారు చూడండి. పెట్టె చెప్పేదంతా చదువుతూ కూర్చుంటే అది తెల్లారినా తరగదు.

ఆ రోజు పొద్దున కాలి పుండుతో ఒక దర్జీ వచ్చాడు. "పెన్సిలిన్ నాకు పడదు మేడం, ఒకసారి ఊపిరాడక చావు తప్పింది" అని రెండుసార్లు చెప్పాడు. ఆవిడ విన్నది, కంప్యూటర్‌లో ఎక్కించింది కూడా. ఆ వెంటనే, పుండ్లకు రోజూ రాసే మందులన్నీ అలవాటుగా ఒకేసారి నొక్కేసింది. అందులో పెన్సిలిన్ ఉంది. పెట్టె ఊడిపడింది. సరే, సరే. దర్జీని వార్డుకు పంపేశారు.

తర్వాత వచ్చిన ముసలాయన్ని, "పడని మందులేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"నాకా? రాళ్లు తిన్నా అరుగుతాయి తల్లీ!"

నవ్వబోయిన ఆవిడకు దర్జీ చెప్పింది గుర్తొచ్చింది. కుర్చీ తోసేసి వార్డుకు పరిగెత్తింది.

నర్సు సూది సిద్ధం చేసి దర్జీ చెయ్యి పట్టుకుని ఉంది.

"ఆపు! ఆయనకది పడదు!"

"పడిందని మీరే నొక్కారు కదా మేడం." నర్సు సూది పక్కన పెట్టేసింది. "కంప్యూటర్‌లో కూడా మార్చండి. లేకపోతే తర్వాతి డ్యూటీ వాళ్లు ఇచ్చేస్తారు."

మార్చబోతే మళ్లీ ఎర్ర పెట్టె. ఎందుకు మారుస్తున్నారు? ఈసారి ఒక్కో అక్షరం చదివింది. మందు నిల్వ లేదు. వేరే మందు చాలు. రోగి మొదట తప్పు చెప్పాడు. పైకీ కిందకీ వెతికింది. డాక్టరు పొరపాటు అన్న మాటే లేదు. మొదటి రెండిట్లో ఏది నొక్కినా, పడిందన్న మాట రికార్డులో అలాగే ఉంటుంది, రేపెప్పుడో ఇంకెవరో సూది వేస్తారు. మూడోది నొక్కితే మనిషి దక్కుతాడు, తప్పు అతని నెత్తిన పడుతుంది. ఆవిడకు ఏడుపొచ్చింది.

"నేను చెప్పింది గుర్తుపెట్టుకుని మీరే పరిగెత్తుకొచ్చారు" అన్నాడు దర్జీ మంచం మీద నుంచి. "ఇంకొకరైతే మర్చిపోయేవారు. చల్లగా ఉండండమ్మా."

ఆవిడ మూడోది నొక్కింది. ఇది రోగి రికార్డులో ఉండిపోతుంది, అంది పెట్టె. కింద ఒకే ఒక్క బటన్ ఉంది, సరే అని. ఆవిడ నోరు మెదపకుండా దాన్ని నొక్కింది.