వియ్యాలవారి బొకే

నడుముకు ఎప్పుడూ కత్తెర వేలాడుతుంటుందని వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అనేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా పూలకొట్టు నడుపుతోంది. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకు ఎన్ని బొకేలు కట్టిందో లెక్కలేదు. ఒక్కగానొక్క కూతురి పెళ్ళికి కట్టాల్సిన బొకేను మాత్రం ఏడాదిగా మనసులోనే కట్టుకుంటూ వచ్చింది. తీరా పెళ్ళికి వారం రోజులుందనగా కూతురు వంటింటి గడపలో నిలబడి నసిగింది.

"అమ్మా, హాలు పూలన్నీ నువ్వే చెయ్యి. నా చేతిలో బొకే మాత్రం పెళ్ళికొడుకు వాళ్ళ మేనత్త కడతారు."

"ఆవిడే అడిగిందా?"

"నేనే అడిగాను. ఆవిడ కట్టినవి చూశాను, నచ్చాయి."

కత్తెరమ్మ "సరే" అంది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. భర్త ఎందుకైనా మంచిదని మాట్లాడకుండా తిని లేచాడు.

పెళ్ళికి రెండు రోజుల ముందు పూలు దిగాయి. కత్తెరమ్మ బకెట్ల నిండా నీళ్ళు పట్టి కూర్చుంది. గులాబీల ముళ్ళు గీకి, నీళ్ళలో మునిగే ఆకులన్నీ దూసి, కాడలు ఏటవాలుగా కోసి నిలబెట్టింది. నలిగిన పైరేకులు ఒలిచేసింది. వాడిన హైడ్రేంజియా పూలగుత్తులను తలకిందులుగా నీళ్ళ తొట్టిలో ముంచితే గంటలో తేరుకున్నాయి. విచ్చిన లిల్లీలలో పుప్పొడి తిత్తులను గోటితో గిల్లేసింది. ఆ పొడి బట్టకు అంటితే మరక పోదు.

మర్నాడు పెళ్ళికొడుకు మేనత్త వచ్చింది. ఆవిడకూ ఊరవతల పూలకొట్టుంది.

"ఎంత శుభ్రంగా చేశారు వదినగారూ, నా పని సగం తగ్గింది" అంది మనస్ఫూర్తిగా.

ఆ మనస్ఫూర్తి చూసి కత్తెరమ్మకు ఇంకా ఒళ్ళు మండింది. తన బల్ల మీద, తను ముళ్ళు గీకిన గులాబీలతో, ఇంకో మనిషి తన కూతురి బొకే కడుతోంది. ఓరకంట చూస్తూ తప్పు కోసం వెతికింది. సాయంత్రం దాకా ఒక్కటీ దొరకలేదు.

పెళ్ళిరోజు పొద్దున హాలు పక్కగదిలో ఆ తప్పు దొరికింది. నిన్న ముడుచుకుని ఉన్న లిల్లీ మొగ్గ ఒకటి బొకే మధ్యలో విచ్చుకుంది. లోపల ఆరు పుప్పొడి తిత్తులు, ఇటికరంగు పొడితో. కూతురివి తెల్లబట్టలు.

'అంటుకోనీ. ఎవరి పనితనమో అందరూ చూస్తారు' అనుకుంది. గిల్లడానికి క్షణం పట్టదు. గిల్లలేదు. కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. అరగంట గడిచినా లేవలేదు.

కూతురు వచ్చింది, వెనకే మేనత్త. కూతురు బొకే మీదికి చెయ్యి చాచింది.

"ఆగు" అని కత్తెరమ్మ ఒక్క ఉదుటున లేచి ఆరింటినీ గిల్లేసింది. వేళ్ళు ఇటికరంగయ్యాయి. కూతురు నవ్వి, బొకే అందుకుని వెళ్ళిపోయింది.

"పొద్దున నేను మళ్ళీ చూసుకోవాల్సింది. మీరు గమనించారు కాబట్టి సరిపోయింది" అంది మేనత్త.

"అరగంట కిందటే గమనించాను."

ఎందుకు చెప్పిందో కత్తెరమ్మకే తెలియలేదు. మేనత్త ఆమె వేళ్ళ వంక చూసింది.

"మీ అమ్మాయి బట్టలు కదా, వదినగారూ" అని మాత్రం అని బయటికి నడిచింది.

పెళ్ళి జరుగుతున్నంతసేపూ కత్తెరమ్మ చెవుల్లో అదే మాట. చుట్టాలు బొకేను మెచ్చుకుంటుంటే తలూపింది. హాలు పూలను మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, ఆ మెప్పులేవీ ఆమెకు ఎక్కలేదు.

దాచిపెట్టమని కూతురు బొకేను తల్లికిచ్చి అత్తారింటికి వెళ్ళింది. కత్తెరమ్మ దాన్ని కొట్లో పెట్టుకుని దారం విప్పింది, ఒక్కో పూవూ తీసి చూసింది. ప్రతి రెండు గులాబీల మధ్యా చిన్న హైడ్రేంజియా కుచ్చు దూర్చి ఉంది. అందుకే ఏ గులాబీ పక్కదాన్ని ఒరుసుకోలేదు. ఇరవై ఆరేళ్ళలో తనకు తట్టని సంగతి. చాలా బాగుంది. అదే ఆమె బాధ. మళ్ళీ అలాగే కట్టబోతే మూడుసార్లు చెడింది, నాలుగోసారికి కుదిరింది.

తర్వాతి పెళ్ళికి కుచ్చులు పెట్టే కట్టింది.

"ఇదేదో కొత్తగా ఉందే, ఎక్కడ నేర్చుకున్నారు?" అని పెళ్ళికూతురి తల్లి అడిగింది.

తన ఊహేనని చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"మా వియ్యాలవారి దగ్గర" అంది కత్తెరమ్మ. నిజం ఒప్పుకున్న ఉక్రోషంలో అందరి మీదా చిర్రుబుర్రులాడింది, ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆమెతో మాట్లాడటానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.