గోడవైపు కూర్చుని తీసిన బొంగరం

ఆదివారం ఉదయం 6.10కి అనకాపల్లి కాంప్లెక్సులో తుని బస్సు ఎక్కాను. వెళ్ళేది ఏటికొప్పాక. గంటంబావు ప్రయాణాన్ని యాత్ర అనడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఉప్మా చల్లారకుండా చేరే ఊరికి యాత్రేంటండీ?" అంది. ఉప్మా మాత్రం డబ్బాలో పెట్టి ఇచ్చింది.

కారణం చెప్పాలి. పదిహేడేళ్ళు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. ఈ వేసవిలో మా కాలేజీని ఇంకో కాలేజీలో కలిపేశారు. అక్కడ ఫిజిక్స్‌కి ముందే ఒకాయన ఉన్నాడు. ఇద్దరు చెప్పినంత మాత్రాన గురుత్వాకర్షణ పెరగదు కాబట్టి నన్ను పంపేశారు. మా బావమరిది సత్తిబాబుకి ఎరువుల షాపుంది. సోమవారం నుంచి వచ్చి కౌంటర్లో కూర్చోమన్నాడు. మంచివాడే. "నలభై మూడేళ్ళొచ్చేక కొత్తగా ఏటవుతావు బావా? ఫేనుంటాది, కూకో" అన్నాడు. నన్ను భయపెట్టింది ఆ ఫ్యానే.

నిరుడు కాలేజీ పిల్లల్ని లక్కబొమ్మల తయారీ చూపించడానికి ఏటికొప్పాక తీసుకెళ్ళాను. పిల్లలు పది నిమిషాల్లో విసిగిపోయి బస్సెక్కారు. నేను మాత్రం సన్యాసిరావు అనే మేస్త్రి దగ్గర, కర్రని తిప్పుతూ ఉలితో బొమ్మలు తీసే లేతు మెషీను ముందు అలాగే నిలబడిపోయాను. అప్పటినుంచీ ఆ పని నేర్చుకోవాలని ఉంది. పోయిన వారం ధైర్యం చేసి ఫోన్ చేస్తే ఆయన తన షరతు చెప్పాడు.

"ఆదోరం రండి మేష్టారూ. సాయంత్రంలోగా ఒక్క బొంగరం తియ్యండి. తిరిగితే సోమారం నుండి పన్లోకి రండి. తిరక్కపోతే బోజనం సేసి ఎల్లిపోండి."

అంటే, సోమవారం నేను ఎక్కడుండాలో ఒక బొంగరం తేల్చాలి. ఇంటర్వ్యూ బోర్డుల కంటే నయమనిపించింది.

బస్సులో పక్క సీటు కరీం గారిది. అనకాపల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తారు, సామాన్ల కోసం తుని వెళ్తున్నారు. నా సంగతంతా విని, "మా తాతది పెట్రోమాక్సు లైట్లు సార్. మా అబ్బాది, అదే మా నాన్నది, రేడియోలు. నాది సెల్లులు. పని మారుద్ది గానీ చెయ్యి మారదు. దేన్నైనా ఇప్పి చూడకపోతే మా వాళ్ళకి నిద్ర పట్టదు" అన్నారు.

"నాకు చెయ్యే మార్చేశారండీ" అన్నాను.

నేను పుట్టుకతో ఎడమచేతివాణ్ణి. కోటవురట్ల బడిలో ఒకటో తరగతి మేష్టారు నా ఎడమచేతిని తువ్వాలుతో బెంచీకి కట్టి, కుడిచేతికి పలక బలపం ఇచ్చేవారు. ఇంట్లో అమ్మా, చెరకు తోటలో నాన్నా, దారిన పోయేవాళ్ళూ అందరూ సహకరించారు. మూడో తరగతికల్లా నన్ను కుడిచేతివాడిగా తయారుచేసి వదిలారు. తయారీలో ఒక చిన్న లోపం మిగిలింది. నా రాత నాకే అర్థం కాదు.

కరీం గారు నా చేతులు రెండూ మార్చి మార్చి చూశారు. "లోపల ఒరిజినల్ ఉండే ఉంటాది సార్. పైన ఎన్ని మార్చినా ఫ్యాక్టరీ సెట్టింగు పోదు."

7.25కి అడ్డరోడ్డులో దిగాను. ఏటికొప్పాక వెళ్ళాలనుకునేవాళ్ళు ఇక్కడే దిగాలి. షేర్ ఆటోలు దొరుకుతాయి, నిండేదాకా కదలవు. డ్రైవరు దృష్టిలో నిండడం అంటే ఏమిటో చెప్పలేను గానీ, నా ఒళ్ళో ఒక కూరగాయల బుట్ట కూడా ప్రయాణించింది. ఎనిమిదికి సన్యాసిరావు షెడ్డు చేరాను.

గోడకి దగ్గరగా ఒక లేతు. దాని ముందు పీట. తెల్లటి అంకుడు కర్ర ముక్కలు గుట్టగా పోసి ఉన్నాయి. ఆయన కోడలు దేవి పక్క మెషీను మీద కుంకుమ భరిణెలకు లక్క వేస్తోంది. తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. దాన్ని మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. చూడడానికి చాలా తేలిక.

మేస్త్రి కర్ర బిగించి, ఉలి నా కుడిచేతికిచ్చాడు. మొదటి ముక్క ఊడి గోడకి తగిలింది. రెండోది నడుం దగ్గర విరిగింది. మూడోది ఎంతసేపు చెక్కినా రోకలిలాగే ఉంది.

"ఇదేటండీ మేష్టారూ?" అడిగింది దేవి.

"బొంగరానికి ముందు దశ."

"మరి బొంగరం ఎప్పుడవుతాదో!"

పదకొండున్నరకి ఉలి నా చేతిలోంచి జారింది. కింద పడలేదు. ఎడమచెయ్యి దాన్ని గాల్లోనే పట్టేసింది. నేను చెప్పలేదు, అదే వెళ్ళింది. దేవి మోటారు కట్టేసింది. "మామా, ఈరు ఎడంసేతోరు. పొద్దున్నుండీ పరాయి సేత్తో సేత్తన్నారు."

మేస్త్రి మొహం ముడుచుకుంది. "ఎడం సేత్తో ఉలి పడితే మోసెయ్యి పోయి బెల్టుకి తగుల్తాది. ఇది కుడిసేతోడికి పెట్టిన మెషీను. పుట్టుక్కీ పనికీ కుదర్లేదు మేష్టారూ, మీరేటి సేత్తారు, నేనేటి సేత్తాను? బోజనానికి లెగండి."

భోజనంలో పప్పూ, ఎండు రొయ్యలేసిన వంకాయ కూరా పెట్టారు. చాలా బాగుంది. బాగా పెడితే మనిషి మర్యాదగా వెళ్ళిపోతాడని అనుకుని ఉంటారు. నేను మాత్రం తింటూ మెషీను వైపే చూస్తున్నాను. ఒకటో తరగతిలో నన్ను బెంచీకి కట్టినప్పుడు నాకు ఆరేళ్ళు, ఎదురు చెప్పడం తెలీదు. ఇప్పుడు తెలుసు. పైగా ఫిజిక్స్ కూడా తెలుసు.

"మేస్త్రీ, నేను అటువైపు కూర్చుంటాను" అన్నాను, చెయ్యి కడుక్కుంటూ.

"గోడేపా? అటు కూకుంటే కర్ర ఎనక్కి తిరుగుతాది. ఉలికి తెగదు."

"తిరిగే దిక్కు మార్చేద్దాం. బెల్టుని ఎనిమిది అంకెలా మెలితిప్పితే చక్రం ఎదురు తిరుగుతుంది."

పదిహేడేళ్ళు బోర్డు మీద వంకరగా గీసిన బొమ్మ అది. ఎవరికీ పనికిరాలేదు, నాతో సహా.

"ఇది మా నాన్న పెట్టిన మెషీను. అటేపు ఇప్పటిదాకా ఎవుడూ కూకోలేదు. బెల్టు అరిగిపోద్ది కూడాను!"

"అరిగితే కొత్తది ఏసుకుంటాం గానీ, తిప్పి సూడండి మామా" అంది దేవి.

"తిప్పకుండా నేను ఇంటికి వెళ్ళను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తరగతిలో ఎప్పుడూ ఇంత గట్టిగా చెప్పలేదు, పిల్లలు నిద్ర లేస్తారని.

మేస్త్రి చాలాసేపు నన్ను చూసి, తనే రెంచీ తెచ్చాడు. బెల్టు మెలిపెట్టి, అది చాలక మోటారు కాస్త ముందుకు జరిపాం. ఉలి ఆనించే పట్టీని ఇటు తిప్పాం. గోడకీ మెషీనుకీ మధ్య మూరెడు చోటు, అందులో ఏళ్ళ తరబడి పేరుకున్న పొట్టు. ఎత్తిపోసి పీట వేసుకున్నాను. వీపు గోడకి ఆనింది. ఎడమచేత్తో ఉలి పట్టుకున్నాను.

కర్ర తెగింది. సన్నటి రిబ్బనులా పొట్టు లేచి మోకాళ్ళ మీద పడింది.

4.20కి బొంగరం వచ్చింది. దేవి పసుపు లక్క చేతికిచ్చింది, నేనే వేశాను. అందగత్తె కాదు, పొట్ట కొంచెం ఎక్కువ. మేస్త్రి దాన్ని గచ్చు మీద రెండు వేళ్ళతో తిప్పాడు. తూలింది. పడబోయింది. మళ్ళీ నిలబడింది, తిరిగింది, ఇంకా తిరిగింది. ఆయన తల వంచి, ఆగేదాకా చూశాడు.

"బాగోలేదు" అన్నాడు. "తిరిగింది. రేపు ఎనిమిదికి రండి. బెల్టు మీరే తెచ్చుకోండి."

తిరుగు ప్రయాణం నర్సీపట్నం రోడ్ స్టేషన్ నుంచి. ఆటోలో ఉండగా సత్తిబాబు ఫోన్.

"రేపు తొమ్మిదికి వచ్చేయ్ బావా, షాపు తాళం నీకిచ్చేత్తాను."

"రాను సత్తిబాబూ. బొంగరం తిరిగింది."

"తాగేవా బావా?"

"లేదు. ఫ్యాను నువ్వే ఉంచుకో."

ఇక రోజూ రావాలి కాబట్టి స్టేషన్లో నెల పాసు అడిగాను. డబ్బు ఇస్తున్నప్పుడు కౌంటరాయన చెయ్యి చాచలేదు. చూస్తే, నేనిస్తున్నది ఎడమచేత్తో. "కుడిచేత్తో ఇవ్వండి సార్" అన్నాడు. వెనక వరసలో ఎవరో దగ్గారు. ముప్పై ఏడేళ్ళుగా ఇలాంటి మాట వినపడగానే చెయ్యి మార్చేవాణ్ణి.

"పని చేసే చెయ్యి ఇదేనండీ" అన్నాను. మార్చలేదు.

దూరంగా రైలు కూత వినిపించింది. ఆయన డబ్బు తీసుకుని పాసు ఇచ్చాడు. రైలు ముప్పావుగంట ఆలస్యం. అయినా దాని దారిన అది అనకాపల్లి చేరింది.

ఏటికొప్పాక వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సూచన. ఆ షెడ్డులో గోడవైపు కూర్చున్న మనిషి మీకు ఎడమచేత్తో బొంగరం ఇస్తే ఏమీ అనుకోకండి. అనుకున్నా, అదే చేత్తో ఇస్తాడు.